అదనపు పనికి వేతనం: పదవి పేరు ముఖ్యమా, పని స్వరూపమా?

నెల జీతం తీసుకునే ఉద్యోగి నిర్ణీత వేళలకు మించి పని చేస్తే దానికి వేరుగా వేతనం ఇవ్వాలా, లేక ఆ పని కూడా నెల జీతంలోనే కలిసిపోయినట్లు భావించాలా? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న చుట్టూ వంద సంవత్సరాలకు పైగా చట్టాలు, నియమాలు, తీర్పులు అల్లుకుంటూ వచ్చాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పని గంటల నిబంధనలను సవరించింది. అదే సంవత్సరం నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. దీనితో ఈ ప్రశ్న మరల ముందుకు వచ్చింది. కార్మికుడికి అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్న సూత్రం మీద పెద్దగా తగాదా లేదు. తగాదా అంతా ఆ సూత్రం ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న దాని మీదనే. దీనినే మినహాయింపు సమస్య అంటారు.

ఈ మినహాయింపు ఎక్కడ పుట్టింది, దాని సరిహద్దు గీత ఎలా జరుగుతూ వచ్చింది, ఇప్పుడు ఎక్కడ నిలిచింది, ఇస్లామీ ధర్మశాస్త్రంలో కూలి ఒప్పందానికి సంబంధించిన సూత్రాలు ఈ విషయంపై ఏమి వెలుగు ప్రసరింపజేస్తాయి అన్నవి తెలుసుకోవడం ఉద్యోగులకే కాక, నలుగురికి పని కల్పించే యజమానులకు కూడా అవసరం.

సమస్య స్వరూపం

మద్రసా పాఠ్యగ్రంథాలలో ఏ మసాయిలు వివరించవలసి వచ్చినా జైద్, అమ్ర్ అనే పేర్లతో ఉదాహరణ చెప్పడం ఆనవాయితీ. ఇక్కడ కూడా జైద్ అనే ఒక ఉద్యోగిని ఊహించుకోవచ్చు. అతని ఊరు విశాఖపట్నం జిల్లాలోని పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం రాజుకూ ఈస్టిండియా కంపెనీ సేనకూ యుద్ధం జరిగిన చోటుగా ఆ ఊరు చరిత్రకెక్కింది. ఇప్పుడు విశాఖ నగరపు విస్తరణ ఆ చుట్టుపక్కల పల్లెలను కూడా తాకుతున్నది. చదువుకున్న యువకులు పొలం పనితో పాటు నగరం వైపు, పరిశ్రమల వైపు చూస్తున్నారు.

జైద్ విశాఖ శివారులోని ఒక కర్మాగారంలో చేరాడని అనుకుందాం. మొదటి రెండేళ్లు యంత్రం దగ్గర పని చేశాడు. ఆ తరువాత అతని పదవిని 'షిఫ్టు సూపర్‌వైజర్' అని మార్చారు. జీతం కొంచెం పెరిగింది. పని మాత్రం దాదాపు అదే. యంత్రం దగ్గర నిలబడాలి, చేతులు మురికి చేసుకోవాలి. దానికి తోడు మరి నలుగురి హాజరు వ్రాయాలి. తన తరువాతి షిఫ్టువాడు రాకపోతే అతను వచ్చేదాకా ఆగాలి. ఇంతకు పూర్వం ఇలా ఆగినప్పుడు ఓటీ లెక్క కట్టేవారు. ఇప్పుడు అడిగితే, "నీవు ఇప్పుడు స్టాఫువి, ఓటీ వర్కర్లకు మాత్రమే" అన్న సమాధానం వస్తుంది.

జైద్‌కు వచ్చిన ఈ సమాధానం సరైనదేనా? దీనికి జవాబు చెప్పాలంటే మొదట ఆ గీత గీసినవారు ఏ ఉద్దేశంతో గీశారో చూడాలి.

మినహాయింపు పుట్టుక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ జరిగింది. ఆ సభ ఆమోదించిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమలలో పని వేళలకు సంబంధించినదే. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న కొలతను అది నిర్ణయించింది. ఆనాటి బ్రిటిషు ఇండియాకు మాత్రం ప్రత్యేక నిబంధన పెట్టి వారానికి 60 గంటలు అనుమతించారు. ఆ ఒడంబడికను ఇండియా 1921లో ధృవీకరించింది. 1922లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 60 గంటల వారాన్ని అమలుపరిచారు. 1934 చట్టంతో అది ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలలో 54 గంటలకు, 1946 సవరణతో 48 గంటలకు తగ్గింది. స్వాతంత్య్రానంతరం వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అన్న పరిమితిని స్థిరపరచి, అంతకు మించిన పనికి మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాలని శాసించింది.

అదే 1919 ఒడంబడికలో ఒక చిన్న మినహాయింపు ఉన్నది. పర్యవేక్షణలో గాని, నిర్వహణలో గాని ఉన్నవారికి, యజమాని ఆంతరంగిక విశ్వాసంతో కూడిన పనులు చేసేవారికి ఈ గంటల పరిమితి వర్తించదని అది తెలిపింది. 1948 చట్టంలోని 64వ సెక్షను ఈ మూడు తరగతులనే స్వీకరించింది. ఎవరెవరు ఈ తరగతుల్లోకి వస్తారో నియమాల ద్వారా నిర్వచించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది.

ఈ మినహాయింపు వెనుక హేతువు లేకపోలేదు. ఒక కర్మాగారపు మేనేజరు తన వేళలను తానే నిర్ణయించుకోగలడు. ఇతరుల వేళలు కూడా అతని చేతిలో ఉంటాయి. అతని పని విలువ నిర్ణయాలలో ఉంటుంది కనుక దానిని గడియారంతో కొలవడం సాధ్యం కాదు. అతని జీతం కూడా ఆ బాధ్యతకు తగినట్లు ఉంటుంది. తన ఓటీని తానే మంజూరు చేసుకునే స్థితిలో ఉన్నవాడికి ఓటీ ఇవ్వడంలో అర్థం లేదు. ఈ హేతువు ఉన్నచోట మినహాయింపు న్యాయమైనదే. కానీ హేతువు లేనిచోట కేవలం పదవి పేరును ఆధారంగా చేసుకుని మినహాయింపును అమలు చేస్తే ఏమవుతుంది? ఫిఖహ్ విద్యార్థులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇల్లత్ లేనిచోట హుక్మ్ నిలవదన్నది వారు మొదటి తరగతుల్లోనే నేర్చుకునే సూత్రం.

జీతపు గీత, దాని నిద్ర

పదవి పేరు చూసి మోసపోకుండా ఉండేందుకు చట్టకర్తలు ఇంకొక కొలతను కూడా చేర్చారు. అది జీతపు పరిమితి. సూపర్‌వైజర్ అని పేరున్నా, అతని జీతం ఒక మొత్తానికి మించకపోతే అతనిని కార్మికుడిగానే లెక్కించాలి. ఆలోచన మంచిదే. చిక్కు ఏమిటంటే ధరలు ప్రతి సంవత్సరం పెరుగుతాయి, జీతాలు కూడా అంతో ఇంతో పెరుగుతాయి, చట్టంలో వ్రాసిన అంకె మాత్రం వ్రాసినచోటనే నిద్రపోతుంది.

పారిశ్రామిక వివాదాల చట్టాన్నే చూడవచ్చు. 1956 సవరణలో పర్యవేక్షక ఉద్యోగికి నెలకు 500 రూపాయల పరిమితి పెట్టారు. ఆ అంకె 28 సంవత్సరాలు కదలలేదు. 1982లో ఆమోదించిన సవరణ 1984లో అమలులోకి వచ్చి దానిని 1,600 చేసింది. ఆ 1,600 మరల 26 సంవత్సరాలు అలాగే ఉండిపోయింది. 2010లో 10,000 అయింది. కొత్త కోడ్‌లలో అది 18,000. 1956లో 500 రూపాయల జీతగాడు నిజంగానే పెద్ద ఉద్యోగి. 1980ల నాటికి సాధారణ గుమాస్తా కూడా ఆ గీత దాటిపోయాడు. అతని అధికారం ఏమీ పెరగలేదు, రూపాయి విలువ తగ్గింది, అంతే. ఎవరూ చట్టాన్ని మార్చకుండానే, ఎవరూ ఓటు వేయకుండానే, లక్షలాది మంది రక్షణ పరిధి నుంచి మెల్లమెల్లగా బయటికి జారిపోవడం ఈ విధంగానే జరుగుతుంది.

ఫ్యాక్టరీల చట్టం ఈ విషయంలో కొంత మెరుగుగా ఉండేది. ఆ చట్టంలో 'వర్కర్' అన్న మాటకు జీతపు పరిమితి లేదు. పర్యవేక్షకులను మినహాయించిన 64వ సెక్షనుకు కూడా తరువాత ఒక షరతు చేర్చారు. మినహాయింపు పొందినవారి వేతనం, వేతనాల చెల్లింపు చట్టంలోని పరిమితికి లోబడి ఉంటే, వారికి కూడా అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. వేతనాల చెల్లింపు చట్టంలోని ఆ పరిమితి 2017 ఆగస్టు నుంచి 24,000 రూపాయలు.

ఇప్పుడు ఈ రెండు చట్టాలూ కొత్త కోడ్‌లలో లీనమయ్యాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 'వర్కర్' అన్న నిర్వచనంలోకి మేనేజరు, పాలనా విధులు నిర్వహించే ఉద్యోగి రారు. నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందే సూపర్‌వైజర్ కూడా రాడు. అదనపు పనికి రెట్టింపు వేతనం అన్న హక్కును ఆ కోడ్ 'వర్కర్'కే ఇచ్చింది. కనుక 18,000కూ 24,000కూ నడుమ ఉన్న ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు నిన్నటి దాకా ఏ హక్కును అనుభవించారో, ఆ హక్కు ఈ కోడ్ కింద వారికి మిగిలిందా అన్న ప్రశ్న ఉదయిస్తుంది. పాత చట్టంలో వేతనం అంటే ఏమిటి, కొత్త కోడ్‌లో ఏమిటి అన్న నిర్వచనాలు కూడా ఒకటి కావు. కొత్త నిర్వచనంలో మూల వేతనం, కరువు భత్యం ప్రధానం. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం వంటివి సాధారణంగా లెక్కలోకి రావు. అయితే ఇటువంటివి మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన మేరకు వేతనంలో కలపాలి. కాబట్టి పే స్లిప్పు అడుగున ఉన్న మొత్తాన్ని చూసి ఎవరూ తొందరపడి నిర్ణయానికి రాకూడదు.

ఐదు వందల పెంపు, నాలుగు వేల నష్టం

ఈ గీత ఎంత పదునైనదో ఒక చిన్న లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. జైద్ వేతనం, కోడ్ నిర్వచనం ప్రకారం, నెలకు 17,680 రూపాయలు అనుకుందాం. నెలకు 26 పని దినాలు, రోజుకు 8 గంటలు చొప్పున 208 గంటలు. గంటకు 85 రూపాయలు పడుతుంది. అదనపు గంటకు రెట్టింపు, అంటే 170 రూపాయలు. జైద్ రోజుకు ఒక గంట చొప్పున నెలకు 26 గంటలు అదనంగా పని చేస్తే అతనికి రావలసిన ఓటీ 4,420 రూపాయలు.

ఇప్పుడు యజమాని అతని జీతాన్ని 500 రూపాయలు పెంచి 18,180 చేశాడు. మిఠాయి పంచుకున్నారు కూడా. కానీ జైద్ గీత దాటిపోయాడు. అతను సూపర్‌వైజరే అని ఒప్పుకుంటే ఆ 26 గంటల పని అలాగే మిగులుతుంది, 4,420 రూపాయలు మాత్రం పోతాయి. చేతికి 500 వచ్చి 4,420 పోయినట్లు. మామూలు గంటల రేటుతో లెక్క కట్టినా అతని సమయం నుంచి నెలకు 2,210 రూపాయల విలువైన భాగం ప్రతిఫలం లేకుండా వెళ్లిపోయింది. పెంపు ఇచ్చిన యజమాని దుర్మార్గుడే అయి ఉండనక్కరలేదు. అతను చట్టం గీసిన గీత ప్రకారమే నడిచాడు. గీత ఉన్న తీరే ఇటువంటి ఫలితానికి దారి తీస్తుంది.

న్యాయస్థానాల దృష్టి

అయితే జైద్ నిజంగా సూపర్‌వైజరేనా? ఈ విషయంలో సుప్రీంకోర్టు దీర్ఘకాలంగా ఒకే సూత్రాన్ని అనుసరించింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన వ్యాజ్యాలలో, ఉద్యోగి పదవి పేరు నిర్ణాయకం కాదని, అతను ప్రధానంగా ఏ పని చేస్తాడన్నదే చూడాలని పలుమార్లు చెప్పింది. 1970లో ఆనంద బజార్ పత్రిక కేసులో గుమాస్తా పనికీ పర్యవేక్షణకూ గల తేడాను పరిశీలించింది. 1985లో సీబా గైగీ సంస్థకు సంబంధించిన ఆర్కాల్ గోవిందరాజారావు కేసులో, కొందరిపై పెద్దగా వ్యవహరించినంత మాత్రాన ఉద్యోగి కార్మికుడు కాకుండా పోడని, అతని ప్రధాన విధి ఏమిటో చూడాలని తేల్చింది. 1994లో కరోనా సాహు చెప్పుల కంపెనీ దుకాణపు మేనేజరు ఎస్.కె. మైనీ కేసులో కూడా సూత్రం ఇదే. కానీ అక్కడ ఆ మేనేజరు చేతిలో నిజమైన అధికారం ఉన్నట్లు తేలడంతో అతనిని కార్మికుడిగా పరిగణించలేదు. అంటే ఈ సూత్రం రెండు వైపులా కోస్తుంది. పేరు గొప్పదైనా పని చిన్నదైతే కార్మికుడే, పని నిజంగా అధికారంతో కూడినదైతే కార్మికుడు కాడు.

మరొక తీర్పును కూడా ఇక్కడ ప్రస్తావించాలి. కోవిడ్ కాలంలో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టంలోని అత్యవసర అధికారాన్ని ఉపయోగించి, కార్మికుల చేత రోజుకు 12 గంటలు పని చేయించుకోవచ్చని, అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వనక్కరలేదని ఉత్తర్వులు ఇచ్చింది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆర్థిక ఇబ్బంది ఎంతటిదైనా దాని భారాన్ని కార్మికుని వీపు మీద మోపడానికి ఆ అధికారం ఉద్దేశించింది కాదన్నది తీర్పు సారాంశం. రెట్టింపు వేతనం యజమాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన బహుమానం కాదని, అది చట్టబద్ధమైన హక్కని దీనితో స్పష్టమైంది.

2025 మార్పులు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో మంత్రివర్గం పని గంటల నిబంధనల సవరణకు ఆమోదం తెలిపింది. సెప్టెంబరులో శాసనసభ సవరణ బిల్లులను ఆమోదించింది. ఫ్యాక్టరీలలో రోజువారీ పరిమితి 9 గంటల నుంచి 10 గంటలకు పెరిగింది. వారానికి 48 గంటలన్నది మారలేదు. మూడు నెలలకు అనుమతించే అదనపు పని పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచారు. పెట్టుబడులను ఆకర్షించడానికి, ఉద్యోగాలు పెంచడానికి ఇది అవసరమని ప్రభుత్వం వాదించింది. ఎనిమిది గంటల పని దినం కోసం జరిగిన పోరాట ఫలితాన్ని ఇది వెనక్కు తీసుకుపోతున్నదని కార్మిక సంఘాలు నిరసించాయి. జూలై 9న దేశవ్యాప్తంగా జరిగిన సార్వత్రిక సమ్మెలో లేబర్ కోడ్‌ల రద్దు ప్రధానమైన డిమాండ్లలో ఒకటి.

విశాఖపట్నం వంటి నగరానికి ఈ అంకెలు కేవలం కాగితం మీది అంకెలు కావు. 1933లో ప్రారంభమైన ఓడరేవులో పని రాత్రింబవళ్లు సాగుతుంది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసును సాయంత్రం ఆర్పి ఉదయం వెలిగించడం కుదరదు. ఇటువంటి చోట్ల మూడు షిఫ్టులు నడవక తప్పదు. ఒక షిఫ్టు నుంచి మరొక షిఫ్టుకు పని అప్పగించే వేళ ఎవరో ఒకరు ఆగవలసి ఉంటుంది. అలా ఆగేవాడు ఎక్కువగా షిఫ్టు బాధ్యత మోసే చిన్న తరగతి పర్యవేక్షకుడే. అతను కార్మికుడా, అధికారా అన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోతే ఆ ఆగిన గంటకు యజమానురాలు గడియారమే అవుతుంది.

నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్‌లలో ఈ విషయమై గమనించవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, పని పరిస్థితుల కోడ్ రోజుకు 8 గంటల కొలతను చట్టంలోనే పెట్టింది. అదనపు పనిని వర్కర్ సమ్మతితో మాత్రమే చేయించుకోవాలని షరతు విధించింది. రెండవది, రెట్టింపు వేతనాన్ని ఆ కోడ్ 'వర్కర్'కే పరిమితం చేయగా, వేతనాల కోడ్ మాత్రం అదే హక్కును 'ఎంప్లాయీ' అన్న మాటతో చెప్పింది. వేతనాల కోడ్ నిర్వచనంలో ఆ మాటలోకి సూపర్‌వైజర్లు, మేనేజర్లు, పాలనా సిబ్బంది కూడా వస్తారు. ఒకే రోజు అమలులోకి వచ్చిన రెండు కోడ్‌లు ఒకే హక్కు గురించి రెండు వేర్వేరు మాటలు వాడాయన్న మాట. కనీస వేతనం నిర్ణయమైన ఉద్యోగి మామూలు పని దినానికి మించి పని చేస్తే రెట్టింపు ఇవ్వాలన్న వేతనాల కోడ్ వాక్యాన్ని విస్తృతంగా అర్థం చేసుకుంటే జైద్‌కు దారి దొరుకుతుంది, సంకుచితంగా అర్థం చేసుకుంటే దొరకదు. మూడవది, 18,000 అన్న అంకెను ప్రకటన ద్వారా మార్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది. ప్రతిసారీ పార్లమెంటుకు వెళ్లనక్కరలేదు. గీత నిద్రపోకుండా చూడటానికి చట్టమే ఒక తాళం చెవి ఇచ్చింది. దానిని తిప్పడమన్నది ప్రభుత్వ సంకల్పాన్ని బట్టి ఉంటుంది. 2025 డిసెంబరు చివర కేంద్రం ముసాయిదా నియమాలను ప్రచురించి ప్రజల అభిప్రాయాలను కోరింది. ఇటువంటి పునస్సమీక్షల వేళ సంఘాలు, సంస్థలు తమ మాట చెప్పుకోవడానికి అవకాశం లభిస్తుంది.

అమెరికా అనుభవం

ఈ చిక్కు ఇక్కడిదే కాదు. ఎందరో తెలుగువారు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో 1938 నాటి చట్టం వారానికి 40 గంటలకు మించిన పనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలంటుంది. కార్యనిర్వాహక, పాలనా, వృత్తి నిపుణ ఉద్యోగులను జీతపు గీతతో పాటు విధుల పరీక్ష కూడా పెట్టి మినహాయిస్తుంది. 2004లో వారానికి 455 డాలర్లుగా పెట్టిన ఆ గీత 2020 జనవరిలో 684 డాలర్లు అయ్యేదాకా మారలేదు. 2016లో దానిని 913కు పెంచబోతే టెక్సాస్‌లోని న్యాయస్థానం నిలిపివేసింది. 2024 జూలైలో 844కు పెంచి, 2025 జనవరి నుంచి 1,128 చేయాలని ఆ దేశపు కార్మిక శాఖ నియమం తెచ్చింది. 2024 నవంబరు 15న టెక్సాస్ న్యాయస్థానమే దానిని కొట్టివేయగా గీత మరల 684కు దిగిపోయింది. విధులను పక్కకు నెట్టి జీతాన్ని మాత్రమే కొలతగా చేసే అధికారం శాఖకు లేదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. గీత చాలా కిందుగా ఉంటే ఉద్యోగి నష్టపోతాడు. గీతను పైకి జరిపితే, పని స్వరూపాన్ని వదిలి అంకెను పట్టుకున్నారన్న అభ్యంతరం వస్తుంది. ఏ దేశంలోనైనా చివరకు చర్చ పని స్వరూపం దగ్గరికే తిరిగి వస్తున్నది.

ఫిఖహ్ దృష్టిలో కూలి ఒప్పందం

ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఈ వ్యవహారం ఇజారా అధ్యాయం కిందికి వస్తుంది. ఉలమా శ్రామికుణ్ణి రెండు రకాలుగా విభజించారు. ఒకడు అజీరె ఖాస్, అంటే ఒక కాలం పాటు ఒక్కరికే తన సమయాన్ని అప్పగించినవాడు. రెండవవాడు అజీరె ముష్తరక్, అంటే దర్జీ, చాకలి వలె పలువురికి పని చేసి, పూర్తయిన పనికి కూలి పుచ్చుకునేవాడు. మద్రసాలలో నేటికీ బోధించే 'హిదాయా' గ్రంథకర్త అల్లామా మర్గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197) అజీరె ఖాస్ గురించి చెప్పినదాని భావమేమంటే, అతను ఆ కాలంలో తనను తాను అప్పగించుకుంటేనే వేతనానికి అర్హుడవుతాడు, యజమాని పని చూపకపోయినా సరే. 19వ శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం కూర్పించిన 'మజల్లా' కూడా ఈ సూత్రాన్నే స్వీకరించింది.

దీని నుంచి వెలువడే ఫలితాన్ని పాఠకులు శ్రద్ధగా గమనించాలి. అజీరె ఖాస్ అమ్ముకున్నది సమయాన్ని. సమయమే సరుకైనప్పుడు దాని కొలత తెలిసి ఉండాలి. కొలత తెలియని సరుకు వ్యాపారంలో గరర్‌కు, తద్వారా తగాదాకు దారి తీస్తుంది. ఇజారాలో కాలమూ కూలీ రెండూ స్పష్టంగా ఉండాలని ఫుఖహా పట్టుబట్టింది ఇందుకే. నెల జీతగాడు, అతని పదవి పేరు ఏదైనా, ఉదయం రమ్మన్నప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోయేవాడైతే అతను సమయాన్ని అమ్మినవాడే. అతని నుంచి ఒప్పందానికి మించిన సమయం తీసుకుంటే దానికి వెల ఉంటుంది. తన వేళలకు తానే అధిపతి అయి, అప్పగించిన బాధ్యతను నెరవేర్చడమే షరతుగా ఉన్న పెద్ద ఉద్యోగి విషయం వేరు. అతని ఒప్పందంలో గంట అన్నది కొలతే కాదు. చట్టం పర్యవేక్షకుడన్న పేరుతో చేయదలచిన విభజన, ఫిఖహ్ భాషలో చెప్పాలంటే, సమయాన్ని అమ్మినవాడికీ బాధ్యతను స్వీకరించినవాడికీ మధ్య ఉన్న విభజన. జీతపు అంకె దానికి ఒక గుర్తు మాత్రమే.

సమ్మతి విషయంలో దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరా ప్రస్తావించే ఉదంతం ఎంతో బోధప్రదమైనది. మద్‌యన్‌లో ఆశ్రయం ఇచ్చిన వృద్ధుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం)తో చేసుకున్న ఒప్పందంలో ఎనిమిది సంవత్సరాల సేవ షరతు. పది పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టపూర్వకంగా చేసినట్లు. తాను కష్టపెట్టదలచుకోలేదని కూడా ఆ వృద్ధుడు ముందుగానే తెలియజేశాడు. ఎనిమిది విధి, ఆపై రెండు ఐచ్ఛికం. విధికీ ఐచ్ఛికానికీ మధ్య ఉన్న హద్దు ఒప్పందం జరిగే వేళనే ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకున్నది మూసా (అ) కూడా ఎంత నిర్దుష్టంగా ధృవీకరించుకున్నారో ఆ వాక్యాలు చదివినవారికి తెలుస్తుంది.

దైవప్రవక్త (స) హదీసులలో శ్రామికుని చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగవేసినవాడికి వ్యతిరేకంగా ప్రళయదినాన అల్లాహ్‌యే నిలబడతాడన్న హెచ్చరిక ఉన్నది. చేతి కింద ఉన్నవారిపై శక్తికి మించిన భారం మోపవద్దని, మోపవలసి వస్తే వారికి తోడ్పడాలని కూడా ఆదేశం ఉన్నది. అదనపు గంటకు వేతనం ఎగవేయడం మొదటి హెచ్చరిక కిందికి వస్తుందా అని ఎవరైనా సంశయిస్తే, కూలిలో కొంత ఇచ్చి కొంత ఎగవేయడం కూడా ఎగవేతలో భాగమేనని గుర్తు చేసుకోవాలి.

ప్రభుత్వ బాధ్యత గురించి కూడా పూర్వ ఉలమా వ్రాశారు. హిజ్రీ 5వ శతాబ్దపు ఇమామ్ మావర్దీ పాలనా సూత్రాలపై రచించిన 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా'లో ముహ్తసిబ్ విధులను వివరిస్తూ, యజమాని కూలి తగ్గించినా, పని హెచ్చించినా ముహ్తసిబ్ అతణ్ణి వారించాలని చెప్పారు. అదే చోట శ్రామికుడు పని తగ్గించినా, కూలి హెచ్చుగా అడిగినా అతణ్ణి కూడా వారించాలన్నారు. కూలి తగ్గించడాన్ని, పని హెచ్చించడాన్ని ఆయన ఒకే వరుసలో ఉంచారు. జీతం మార్చకుండా గంటలు పెంచడమంటే జీతం తగ్గించడమేనన్న సత్యం దాదాపు వెయ్యేళ్ల క్రితమే ఆ గ్రంథంలో ఇమిడి ఉన్నది. ఇక కొలతలలో తగ్గించేవారిని గట్టిగా హెచ్చరించే అల్ ముతఫ్ఫిఫీన్ సూరాను బియ్యం త్రాసుకే పరిమితం చేయనక్కరలేదు. గడియారం కూడా ఒక కొలమానమే. ఆలస్యంగా వచ్చి తొందరగా లేచిపోయే ఉద్యోగికి కూడా అందులో పాఠం ఉన్నది.

చేయవలసినవి

పునస్సమీక్షలో ప్రభుత్వం దృష్టి పెట్టవలసిన విషయాలు పై చర్చ నుంచే తేలుతున్నాయి. పదవి పేరును బట్టి గాక ప్రధాన విధిని బట్టి మినహాయింపును నిర్ణయించాలన్న న్యాయస్థానాల సూత్రాన్ని నియమాలలోనే స్పష్టంగా వ్రాస్తే, ప్రతి జైదూ కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం ఉండదు. జీతపు పరిమితిని ధరల సూచికతో ముడివేసి నిర్ణీత కాలానికొకసారి సవరిస్తే 28 ఏళ్ల నిద్ర పునరావృతం కాదు. రెండు కోడ్‌లలోని రెండు మాటలకు పొత్తు కుదరాలి. గీత దాటగానే హక్కు ఒక్కసారిగా తెగిపోకుండా మెట్లు మెట్లుగా తగ్గే ఏర్పాటు ఉంటే, జీతం పెరిగినందుకు నష్టపోయే వింత తప్పుతుంది.

ఉద్యోగులు చేయగలిగినది కూడా కొంత ఉన్నది. నియామకపు ఉత్తరువులో పని వేళలు, విధులు వ్రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. వ్రాసి లేకపోతే వ్రాయించుకోవాలి. 'అప్పుడప్పుడు సంస్థ అవసరాన్ని బట్టి' వంటి హద్దులేని మాటలకు అర్థం అడగాలి. పదవి మారినప్పుడు జీతం ఎంత పెరిగిందని మాత్రమే కాక, ఏ హక్కు తగ్గిందో కూడా తెలుసుకోవాలి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ తమ దగ్గర కూడా వ్రాసి ఉంచుకుంటే వివాదం వచ్చినప్పుడు ఆ చిన్న పుస్తకమే సాక్ష్యమవుతుంది.

దుకాణాలు, కార్ఖానాలు, పాఠశాలలు, ఆసుపత్రులు నడిపే ముస్లిం యజమానులకు బాధ్యత ఇంకా హెచ్చు. చట్టంలో గీత ఎక్కడ ఉన్నదని మాత్రమే చూసేవాడికి 18,000 ఒక హద్దు. అల్లాహ్ ముందు లెక్క చెప్పుకోవలసి ఉన్నదని నమ్మేవాడికి తీసుకున్న ప్రతి గంటా ఒక అమానత్. పనివాడిని పెట్టుకునే రోజునే ఇన్ని గంటలు షరతు, ఆపైన చేస్తే ఇంత ఇస్తాము, చేయకపోతే నిష్ఠూరం లేదు అని చెప్పగలిగితే చాలు. మద్‌యన్ వృద్ధుడు చేసింది అంతే. ఎనిమిదికీ పదికీ మధ్య ఉన్న రెండింటిని ఎవరి ఇష్టానికి వదిలారన్న దాని మీదనే ఒక ఒప్పందం న్యాయమైనదో కాదో తేలుతుంది.